నాన్న కారుకి లాగ్ ఫైల్!

నాన్నది 2012 మోడల్ పెట్రోల్ కారు. ఎండలో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఎప్పుడో ఒకసారి పికప్ పడిపోయి ఆగిపోయేది. పది నిమిషాలాగితే మళ్లీ స్టార్ట్! మెకానిక్ దగ్గర మాత్రం బుద్ధిగా నడిచేది. "ఇంజెక్టర్లన్నీ మార్చేద్దాం" అన్నాడాయన. నాన్న అమ్మేద్దామన్నారు.

బగ్ రీప్రొడ్యూస్ కాకపోతే మనం లాగ్స్ చూస్తాం కదా! స్టీరింగ్ కింద ఓబీడీ-2 పోర్టులో బ్లూటూత్ డాంగిల్ పెట్టా. నాన్న నడిపారు, నేను పక్కన కూర్చుని యాప్‌లో రికార్డ్ చేశా. ఐడిల్‌లో ఫ్యూయెల్ ట్రిమ్ దాదాపు సున్నా. ఆగేముందు, లోడ్ పడగానే +25 శాతం. అంటే పెట్రోల్ చాలట్లేదు. గాలి లీకైతే ఐడిల్‌లోనే ట్రిమ్ పెరగాలి. ఇంజెక్టర్లు మూసుకుపోతే ఆ గోల రోజూ ఉండాలి.

యాప్ ఇచ్చింది అనుమానమే, తేల్చింది ప్రెషర్ గేజ్. వేడెక్కాక పంపు ప్రెషర్ పడిపోతోంది. పంపు ఒక్కటే మార్చాం. కారు ఇంట్లోనే ఉంది.