మరణము మాట ఎత్తరాదా?

మన యిండ్లలో పెద్దలెవరైన "నేను పోయిన తరువాత..." అని ఒక మాట ఎత్తినంతనే, "అవేం మాటలు! తథాస్తు దేవతలుంటారు" అని నోరు మూయింతురు. ప్రేమతోనే అట్లు చేయుదురు. అయితే అందువలన కలుగు నష్టమును 40 ఏండ్ల వైద్యవృత్తిలో పలుమార్లు చూచితిని. ఒకమారు దానికి నేనే కారకుడనైతిని.

చాల యేండ్ల క్రిందట, జలోదరముతో మంచము పట్టిన ఒక వృద్ధ రైతుకు చికిత్స చేయుచుంటిని. వ్యాధి అసాధ్య దశకు చేరినది. "ఆయనకు చెప్పకండి అయ్యగారూ" అని కుమారులు వేడుకొనిరి. ఒకనాటి సాయంకాలము నాడి చూచుచుండగా ఆయన నా చేయి పట్టుకొని, "అయ్యగారూ, ఇంకెన్నాళ్లుంటాను?" అని అడిగెను. "కషాయం మానకండి, పండుగకు లేచి తిరుగుతారు" అని చెప్పి వచ్చితిని. 11 దినములకు ఆయన కాలము చేసెను. గట్టు తగాదాతో 20 ఏండ్లుగా మాటలు లేని తమ్ముడు పాడె కడకు వచ్చి విలపించెను. అన్నయు తమ్ముని చూడగోరుచుండెనని పెద్దకర్మనాడు ఆ యింటి యిల్లాలు నాకు చెప్పెను. నేను నిజము చెప్పియున్నచో ఆ యిరువురికి 11 దినములు మిగిలియుండెడివి.

గురుకులములో మాకు చరకసంహిత యందలి ఇంద్రియస్థానము 12 అధ్యాయములును కంఠస్థము చేయించిరి. అరిష్టములను, అనగా మరణము సమీపించుటను తెలుపు చిహ్నములను, వివరించు భాగమది. అడుగనిదే వైద్యుడు మరణమును ప్రకటింపరాదనియు, అడిగినను, రోగికిగాని ఇతరులకుగాని హాని కలుగునన్నచో చెప్పరాదనియు అందు కలదు. నేనా నియమమును మౌనమునకు సాకుగా వాడుకొంటిని. హాని కలుగునో లేదో విచారించి నడచుకొనుమనియే దాని భావము. ఆ రైతు అడిగెను. తెలిసినచో ఆయనకు మేలే కలిగెడిది. నేను విచారింపనైతిని.

శోకము విషయమునను శాస్త్రము మౌనమును కోరలేదు. సూత్రస్థానము 7వ అధ్యాయమున ఆపకూడని వేగములు 13 చెప్పబడినవి. తుమ్ము, ఆకలి, నిద్ర మున్నగువానితో పాటు కన్నీరును అందొకటి. దానిని బిగబట్టినచో పడిశము, నేత్రరోగము, హృద్రోగము, అరుచి, భ్రమ కలుగును. చికిత్సలలో నిద్రయు, ప్రియమైన మాటలును కలవు. శోకము వలన కలుగు అతిసారమును చరకుడు వేరుగా లెక్కించి, వాతహర చికిత్సతో పాటు ఓదార్పును విధించెను.

ఇంటిలో పాటింపదగినవి:

1. రోగి తానై మాట ఎత్తినపుడు వారింపక వినవలెను. అడుగనివానిపై సత్యమును రుద్దరాదు.

2. ఎవరిని చూడగోరుదురు, చివరి దినములు ఇంటనా ఆసుపత్రిలోనా, బాకీలేమి అను విషయములు ఆరోగ్యముగా నున్నపుడే చెప్పుకొనుట మేలు. కోలుకొను ఆశ లేనపుడు యంత్రములతో ప్రాణము నిలుపవలదని ముందుగా వ్రాసియుంచు పత్రమును సుప్రీంకోర్టు 2018లో ఆమోదించి, 2023లో ఆ పద్ధతిని సులభము చేసినది.

3. పిల్లలతో "తాతయ్య ఊరికి వెళ్లాడు" అనరాదు. వారు ఎదురుచూచుచుందురు. చనిపోయినాడని దగ్గరకు తీసికొని చెప్పవలెను.

4. పరామర్శ పెద్దకర్మతో ముగియరాదు. బంధువులు వెడలిన పిదపనే ఇల్లు బోసిపోవును. నెల గడచిన తరువాత పోయి, గతించినవారి పేరెత్తి మాట్లాడవలెను. వారములతరబడి నిద్రాహారములు లేకున్నను, చావవలెనను తలంపు కలిగినను ఆలస్యము చేయక మానసిక వైద్యునికి చూపవలెను.

ఇప్పుడు రోగి "ఇంకెన్నాళ్లు?" అని అడిగినచో నేను లేచి రాను. పీట దగ్గరకు జరుపుకొని, "మీకేమనిపిస్తోంది? ఎవరినైనా పిలిపించమంటారా?" అని అడుగుదును. పెక్కుమంది కొంతసేపు ఊరకుండి, ఒక పేరు చెప్పుదురు.