తూటాలోనూ నిదానమే ప్రధానం

దీపావళికి లక్ష్మీబాంబునూ చిచ్చుబుడ్డినీ పక్కపక్కన పెట్టి వెలిగించి చూడండి. మొదటిది ఢామ్మని క్షణంలో అయిపోతుంది. రెండోది చిన్నగా రాజుకుని, పోనుపోనూ పుంజుకుని, నిలువెత్తు లేస్తుంది. అమెరికాలో రాకీ పర్వతాలకు ఎల్క్ దుప్పుల వేటకెళ్ళే మనిషి, సీజన్‌కి ముందు తన గ్యారేజీలో బల్ల ముందు కూర్చుని బుర్ర బద్దలు కొట్టుకునేది ఈ తేడా గురించే. తన మాగ్నమ్ రైఫిల్ తూటాలోకి ఏ మందు పొయ్యాలి?

మందంటే మరోటనుకునేరు... తుపాకి మందు!

బజారు ఊరగాయ నోటికి పట్టనివాళ్ళు మనింట్లో ఉన్నట్టే, కొట్లో తూటా నచ్చనివాళ్ళు అక్కడుంటారు. పేల్చేసిన ఇత్తడి కేసులు ఏరి తెచ్చుకుంటారు. వాటికి కొత్త ప్రైమర్ బిగించి, మందు తూచి పోసి, పైన బుల్లెట్ కూరుస్తారు. దీన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. డబ్బు మిగులుతుందని మొదలుపెట్టి, మిగిలిందంతా మళ్ళీ దానికే తగలేస్తుంటారు! అక్కడది చట్టం ఒప్పుకున్న సరదా. మన దగ్గర లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే 1959 నాటి ఆయుధాల చట్టం ఊరుకోదు. సరదా వేటనైతే 1972 నాటి వన్యప్రాణి చట్టం ఇప్పుడు ఒప్పుకోదు.

ఈ వ్యవహారంలో తూకమంతా గ్రెయిన్లలోనే. పౌనుకు 7000 గ్రెయిన్లు. మనకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే బ్రిటిష్ వారి నాటి తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. .300 మాగ్నమ్ వేటగాళ్ళు ఎక్కువగా వాడే బుల్లెట్ బరువూ అంతే. అంటే తులం బరువున్న లోహపు ముక్కని సెకనుకు 900 మీటర్ల వేగంతో విసరాలన్నమాట. అందుకు దొరికే సమయం సెకనులో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ.

1963లో వచ్చిన .300 వించెస్టర్ మాగ్నమ్ కేసు బిందెలా ఉంటుంది. కడుపు పెద్దది, మెడ సన్నం. అంత మందూ ఒక్కసారి భగ్గుమంటే ఆ వాయువు సన్నటి గొట్టంలోంచి పోయే దారిలేక రైఫిల్‌నే బద్దలు కొడుతుంది. ఈ తూటాకు పెట్టిన హద్దు చదరపు అంగుళానికి 64 వేల పౌన్ల ఒత్తిడి. కారు టైరులో ఉండేదానికి సుమారు 2000 రెట్లు! అదీ కాల్చేవాడి చెంపకు జానెడు దూరంలో. అందుకే మాగ్నమ్‌కి నిదానంగా కాలే మందు కావాలి. ఉయ్యాలని చరిస్తే లాభం లేదు, ఊగినంతమేరా తొయ్యాలి. మందు పలుకులకి రసాయనం పూత వేసేది కూడా మొదట్లో మంట జోరు తగ్గించడానికే. పిస్టల్‌కి వాడే చురుకు మందు పొరపాటున ఇందులో పోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అమెరికన్లకు ఈ నిదానం మందు దొరకడం వెనక ఓ తమాషా కథ ఉంది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక సైన్యం దగ్గర మందు గుట్టలుగా మిగిలిపోయింది. కాన్సాస్‌లో గ్యాస్ కంపెనీ సేల్స్‌మన్‌గా పనిచేసే బ్రూస్ హాడ్జ్‌డన్ తన జీవితబీమా మీద అప్పు చేసి మరీ దాన్ని కొన్నాడు. పాత రైలుపెట్టె ఒకటి తెచ్చి పొలంలో పెట్టి అందులో దాచాడు. తర్వాత అతని చేతికొచ్చిందే 4831 రకం. 20 మిల్లీమీటర్ల ఫిరంగి తూటాల్లో వాడింది. మామూలు రైఫిళ్ళకి మరీ నిదానం. పెద్ద కడుపు మాగ్నమ్‌లకి మాత్రం కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. చవగ్గా వచ్చిన ఈ మందు చూసుకునే ఎంతోమంది మాగ్నమ్‌ల మోజులో పడ్డారు.

చిక్కు తర్వాత వచ్చింది. ఆ సైనిక సరుకు నిండుకునే రోజుల్లో, 1970లలో డ్యూపాంట్ కంపెనీ ఐఎంఆర్ 4831 పేరుతో మరో మందు విడుదల చేసింది. అంకె అదే. మంట వేరు! హాడ్జ్‌డన్ హెచ్4831 కన్నా ఇది చురుకు. హెచ్ రకానికి రాసిన నిండు కొలతని ఐఎంఆర్ డబ్బాలోంచి పోస్తే ఒత్తిడి హద్దు దాటిపోవచ్చు. ఒకే పేరున్న ఇద్దరు రోగులకి మందుచీటీలు మారినట్టే! 2003లో ఐఎంఆర్ బ్రాండు కూడా హాడ్జ్‌డన్ వాళ్ళకే వెళ్ళింది. అయినా రెండు 4831లూ అలాగే ఉండిపోయాయి. మాగ్నమ్‌కి మందు ఎంచుకునేవాడు డబ్బా మీద అంకె కన్నా ముందు అక్షరాలు చదవాలి.

నిదానం మంచిదన్నారు కదాని కొలత తగ్గించి పోసినా ముప్పే. చాలా నిదానం మందుని పెద్ద కేసులో మరీ కొద్దిగా పోస్తే ఒక్కోసారి ఒత్తిడి విపరీతంగా పెరిగి రైఫిళ్ళు పగిలాయి. మాన్యువల్‌లో రాసిన మొదటి కొలత కన్నా దిగొద్దు, చివరి కొలత దాటొద్దు అనేది అందుకే. మధ్యలో కొద్దికొద్దిగా పెంచుతూ, బోల్టు ఎత్తడం బిగుసుకుపోతోందా, ప్రైమర్ మరీ చదునవుతోందా అని చూస్తుంటారు. ఇవి కనిపించేసరికే ఒత్తిడి ఎక్కువైపోయి ఉంటుంది. కనిపించలేదని నిశ్చింతగా ఉండటానికీ లేదు.

ఇక ఎండ. మందు వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. ఇది బ్రిటిష్‌వాళ్ళకి మన దేశంలోనూ ఎదురైంది, పులివేటల కాలంలో. వాళ్ళ మందు పేరు కార్డైట్. తాళ్ళలా పొడవుగా ఉండేది. మన వేసవికి తట్టుకోవాలని తూటా కేసుని పెద్దదిగా చేసి ఒత్తిడి తగ్గించి లోడ్ చేసేవారు. ఊటీ బొమ్మరైలు ఎక్కినవాళ్ళకి దారిలో అరువంకాడు స్టేషన్ గుర్తుండే ఉంటుంది. బ్రిటిష్ హయాంలో కార్డైట్ ఫ్యాక్టరీ పెట్టింది ఆ కొండల్లోనే. ఇప్పుడు హాడ్జ్‌డన్ అమ్మే హెచ్4831 లాంటివి ఎండకీ చలికీ పెద్దగా మారకుండా ఆస్ట్రేలియాలోని ముల్వాలాలో తయారవుతున్నాయి.

మందు కుదరకపోతే ఏమవుతుందో ఆఫ్రికా చూసింది. 1956లో వించెస్టర్ కంపెనీ ఏనుగుల వేటకని .458 మాగ్నమ్ తెచ్చింది. కేసు పొట్టిది, పట్టాల్సిన మందేమో ఎక్కువ. అదిమి అదిమి కూరారు. అలా కూరిన మందు నిలవలో గడ్డకట్టి కొన్ని తూటాలు సరిగ్గా పేలలేదు. వేగం కూడా చెప్పినంత రాలేదు. 1959లో మొజాంబిక్‌లో జాక్ లాట్ అనే అమెరికన్ వేటగాడు .458తో కొట్టిన అడవిదున్న పడకపోగా ఎదురుతిరిగి అతన్ని కుమ్మింది. బతికి బయటపడ్డాడు. కానీ మరిచిపోలేదు. మందుకి చోటుండేలా కేసు పొడవు పెంచి .458 లాట్ తయారుచేశాడు. తర్వాత వించెస్టర్ కూడా మందు మార్చుకుంది.

గ్యారేజీలోని మన పెద్దమనిషి దగ్గరికొద్దాం. బల్ల మీద ఒక్క డబ్బానే ఉంచుకున్నాడు. మిగతావన్నీ బీరువాలో. తూచే యంత్రం మీద ఆ మందు పేరు కాగితంపై రాసి అంటించాడు. ఈలోగా ఫోన్ మోగింది. మాట్లాడొచ్చాక ఎన్ని కేసుల్లో పోశాడో గుర్తుకు రాలేదు. యాభై కేసులూ బోర్లించి, మందంతా డబ్బాలోకి ఎత్తి, మళ్ళీ మొదటి నుంచీ తూచడం మొదలుపెట్టాడు.