స్పాటిఫై మీకు చూపించని స్కాండినేవియన్ పాప్: సింగర్ పేరుతో కాదు, మ్యూజిక్ డైరెక్టర్ పేరుతో వెతకండి

ఫోన్ అన్‌బాక్సింగ్ వీడియోలు, గేమింగ్ మాంటేజ్‌లు చూసే అలవాటు ఉంటే స్కాండినేవియన్ పాప్ మీకు కొత్తేం కాదు. పేరు తెలియదు, అంతే. నార్వే కుర్రాడు అలన్ వాకర్ 2014లో 'ఫేడ్' అనే ట్యూన్ వదిలాడు. అది నోకాపీరైట్‌సౌండ్స్ ద్వారా వచ్చింది కాబట్టి యూట్యూబర్లు స్ట్రైక్ భయం లేకుండా తెగ వాడేశారు. మరుసటి ఏడాది చివర్లో అదే ట్యూన్‌కి ఇసెలిన్ సోల్‌హైమ్ గొంతు కలిపి 'ఫేడెడ్' చేశాడు. 2019లో పబ్జీ మొబైల్‌తో కలిసి 'ఆన్ మై వే' తెచ్చాడు. ఆ రోజుల్లో మా ప్రత్తిపాడులో పబ్జీ ఆడే ఇంటర్ కుర్రాళ్లకి ఇది గేమ్ పాట. ఏ దేశం వాడిదని ఎవరూ అడగలేదు. 2024 ఇండియా టూర్‌లో ఆయన హైదరాబాద్ కూడా వచ్చి వెళ్లాడు.

స్కాండినేవియా అంటే స్వీడన్, నార్వే, డెన్మార్క్. మూడూ కలిపినా మన ఆంధ్రప్రదేశ్ జనాభాలో సగం ఉండదు. అయినా వాళ్ల సరుకు మన చేతిలోనే ఉంది. మిర్చి కల్లంలో ట్రాక్టర్ మీద మోగే స్పీకర్‌లో బ్లూటూత్, స్వీడన్ కంపెనీ ఎరిక్‌సన్‌లో మొదలైన టెక్నాలజీ. దాని పేరు పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్‌ది. ఆ లోగో ఆయన పేరులోని రెండు పాత లిపి అక్షరాలు కలిపి గీసింది. 2006లో స్టాక్‌హోమ్‌లో పుట్టిన స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో ఇండియాకి వచ్చింది.

మరి స్వీడన్ యాప్ వాడుతూ కూడా మనకి స్వీడన్ పాటలు ఎందుకు కనపడవు? ఇక్కడ కొంచెం టెక్నికల్‌గా వెళ్దాం.

యాప్ దృష్టిలో పాట అంటే కొన్ని నంబర్ల వరుస. ఒకే ప్లేలిస్టుల్లో తరచూ కలిసి కనిపించే పాటలు, ఒకే రకం జనం వినే పాటలు దగ్గర దగ్గర నంబర్లు తెచ్చుకుంటాయి. మీరు విన్నవాటికి దగ్గరగా ఉన్నవే మీకు చూపిస్తుంది. కానీ కోట్ల పాటల్లో దగ్గరివి ఏవో ఒక్కొక్కటీ కొలుస్తూ కూర్చుంటే తెల్లారిపోద్ది. అందుకే స్పాటిఫై ఇంజనీర్లు 'అనాయ్' అనే లైబ్రరీ రాసి ఓపెన్ సోర్స్ చేశారు. (పేరుకి అర్థం చిరాకు పెట్టడం. ప్రోగ్రామర్ల హాస్యం ఇలాగే ఉంటుంది.) ఇది చేసే పని మన పొలం గట్ల లెక్కే. మొత్తం పొలాన్ని అడ్డదిడ్డంగా ఒక గట్టుతో రెండు ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్ని మళ్లీ రెండుగా, అలా చిన్న మడులు అయ్యేదాకా. మీ పాట ఏ మడిలో ఉంటే అందులోనే వెతుకుతుంది. ఒక గట్టు వల్ల పక్కన ఉన్న పాట తప్పిపోవచ్చు కాబట్టి, వేరే రకంగా గట్లు వేసిన ఇంకొన్ని మ్యాపులు కూడా పెట్టుకుంటుంది. 2023లో దీని బదులు వాయేజర్ అనే కొత్త లైబ్రరీ తెచ్చారు. విషయం అర్థం కావడానికి మాత్రం అనాయ్ చాలు.

ఇప్పుడు మన ఇళ్లు చూడండి. ఒకే అకౌంట్ టీవీకి కనెక్ట్ అయి ఉంటుంది. పొద్దున్నే అమ్మ సుప్రభాతం, మధ్యాహ్నం నాన్న ఇళయరాజా, సాయంత్రం తమ్ముడి తమన్ బీట్లు, మధ్యలో పాపకి రైమ్స్. ఈ నాలుగూ కలిపి యాప్ ఒక మనిషిని ఊహించుకుంటుంది. ఆ మనిషి మీరు కాదు, మీ ఇంట్లో ఎవరూ కాదు. ఆ ఊహా మనిషి చుట్టుపక్కల మడులన్నీ తెలుగు పాటలే. స్వీడన్ పాట పది గట్ల అవతల ఉంది. యాప్‌కి దాని మీద పగేం లేదు, అటు వెళ్లే దారి మీరు ఎప్పుడూ తొక్కలేదు. ప్రతి సోమవారం 30 పాటలతో వచ్చే డిస్కవర్ వీక్లీ కూడా ఆ ఊహా మనిషికే వస్తుంది. కనీసం రైమ్స్ ప్లేలిస్ట్ వరకు మూడు చుక్కలు నొక్కి టేస్ట్ ప్రొఫైల్ నుంచి మినహాయించే ఆప్షన్ పెట్టండి. సగం గోల తగ్గుద్ది.

మ్యూజిక్ డైరెక్టర్ ఎవరు?

అసలు కిటుకు ఇక్కడుంది. తెలుగువాళ్లం కొత్త సినిమా అనౌన్స్ చేయగానే అడిగే మొదటి ప్రశ్న 'మ్యూజిక్ ఎవరు?' సింగర్ ఎవరన్నది తర్వాత. ఇంగ్లిష్ పాటల దగ్గరికి వచ్చేసరికి ఈ అలవాటు మర్చిపోయి సింగర్ పేరు పట్టుకుంటాం. స్వీడన్ పాప్ మాత్రం మన పద్ధతిలో వెతికితేనే దొరుకుతుంది, ఎందుకంటే అక్కడి పెద్ద తలకాయలు తెర వెనకే ఉంటారు.

మ్యాక్స్ మార్టిన్‌నే తీసుకోండి. బ్రిట్నీ స్పియర్స్ 'బేబీ వన్ మోర్ టైమ్' (1998), బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ 'ఐ వాంట్ ఇట్ దట్ వే', బాన్ జోవి 'ఇట్స్ మై లైఫ్', టేలర్ స్విఫ్ట్ 'షేక్ ఇట్ ఆఫ్', ది వీకెండ్ 'బ్లైండింగ్ లైట్స్'. పాడినవాళ్లు అమెరికా, కెనడా వాళ్లు. అన్నింటి వెనకా ఈ స్వీడన్ ఆయన ఉన్నాడు. అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో ఆయనవి 20కి పైగా నంబర్ వన్ పాటలున్నాయి. ఆయన పద్ధతి మనకి వింతగా అనిపించదు. ముందు ట్యూన్, తర్వాత ఆ ట్యూన్‌లో పట్టే అక్షరాల లెక్కకి సరిపోయే మాటలు. మన సినిమా కవులు 'తననన' మీద పల్లవి కట్టినట్టే. మాటకి అర్థం కాస్త అటూఇటైనా పర్లేదు, పలికితే బాగుండాలి.

ఆయన గురువు డెనిజ్ పాప్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. ఏస్ ఆఫ్ బేస్ అనే గోథెన్‌బర్గ్ గ్రూప్ పంపిన డెమో క్యాసెట్ ఆయన కారు ప్లేయర్‌లో ఇరుక్కుపోయిందట. వద్దన్నా రోజూ అదే వినాల్సి వచ్చి, విని విని చివరికి నచ్చి, 'ఆల్ దట్ షీ వాంట్స్' అయింది. పాత క్యాసెట్ ప్లేయర్ చేసిన ఆ పని ఏ ఆల్గారిథమూ చేయదు. రెండు సెకన్లలో స్కిప్ నొక్కే సౌకర్యం ఉంటే ఆ పాట ఉండేదే కాదేమో.

ఇంత చిన్న దేశంలో ఇంతమంది ఎలా? ఊరూరా మున్సిపాలిటీ నడిపే సంగీత పాఠశాలలు ఒక కారణం. మ్యాక్స్ మార్టిన్ అక్కడే ఫ్రెంచ్ హార్న్ నేర్చుకున్నాడు. ఇంట్లో మార్కెట్ చిన్నది కాబట్టి ఆబా కాలం నుంచీ బయటి దేశాల చెవుల కోసమే రాశారు. ఆబా 'మమ్మా మియా' బాణీ 1977 హిందీ సినిమా 'హమ్ కిసీసే కమ్ నహీ'లో వినిపిస్తుంది కూడా. మన నాన్నల తరం తెలియకుండానే వినేసింది.

కాబట్టి చేయాల్సింది చిన్న పని. నచ్చిన పాట మీద మూడు చుక్కలు నొక్కి క్రెడిట్స్ చూడండి. షెల్‌బ్యాక్, పాట్రిక్ బెర్గెర్ లాంటి పేరు కనిపిస్తే ఆ పేరుతో సెర్చ్ చేసి, దొరికిన పది పాటలు కొత్త ప్లేలిస్ట్‌లో వేసుకుని వారం వినండి. పది గట్ల అవతలికి మీరే దారి తొక్కినట్టు. ఆ తర్వాత యాప్ దానంతట అదే అటు నడుస్తుంది.

ఇయర్‌బడ్స్ ఉన్నవాళ్లకి ఒక మాట. బాస్ బూస్ట్ ఆఫ్ చేయండి. ఈ పాటల్లో ఒకే గొంతుని పొరలు పొరలుగా రికార్డ్ చేస్తారు. వెయ్యి రూపాయల బడ్స్‌లో బాస్ పెంచితే ఆ పొరలన్నీ ముద్దయిపోతాయి. డేటా గురించి భయపడేవాళ్లకి లెక్క: మూడున్నర నిమిషాల పాట 320 కేబీపీఎస్‌లో సుమారు 8 ఎంబీ, 96లో రెండున్నర ఎంబీ. చేలో సిగ్నల్ ఊగిసలాడే చోట 96 చాలు.

ఎవరికి ఏది పంపాలి

ఫ్యామిలీ గ్రూప్‌లో లింక్ పడేయడం మాత్రం దండగ. 'ఇదేం పాట రా' అని ఒక్కరు అంటే చాలు, ఇంకెవరూ ఓపెన్ చేయరు. విడిగా ఒక్కరికి, ఒక్క పాట పంపండి. మాస్ బీట్ పిచ్చోడికి అవిచి 'లెవెల్స్'. మెలొడీ ఇష్టపడే అక్కకి నార్వే అరోరా పాడిన 'రన్‌అవే'. 'ఫ్రోజెన్ 2'లో దూరం నుంచి పిలిచే గొంతు ఈమెదే అని చెబితే వాళ్ల పాప కూడా వింటుంది. 'లీన్ ఆన్' తెలిసినవాళ్లకి ఆ పాడిన అమ్మాయి మో డెన్మార్క్ అమ్మాయని చెప్పండి. ఆ వీడియో తీసింది మన దేశంలోనే.

లవ్ ఫెయిల్యూర్ అయిన ఫ్రెండ్‌కైతే రోబిన్ 'డాన్సింగ్ ఆన్ మై ఓన్' (2010). నా లెక్కలో ఈ లిస్టులో బెస్ట్ ఇదే. ప్రేమించినవాడు వేరే అమ్మాయితో ఉంటే చూస్తూ ఒంటరిగా డాన్స్ చేసే పాట. మాట ఏడిపిస్తుంటే బీట్ ఊపేస్తుంది. తీన్మార్ మీద బ్రేకప్ పాట కట్టే మనకి ఇది అర్థం కాకపోవడం అంటూ ఉండదు. రాత్రి పూట, ఇయర్‌ఫోన్స్‌తో, ఒక్కసారి స్కిప్ చేయకుండా వినమని చెప్పి పంపండి.