గాలి తీస్తే టైరు చల్లబడదు!
చలవ కోసమని తీస్తారు.. ప్రాణం మీదికి తెచ్చుకుంటారు

దుర్గాపూర్ (చంద్రపూర్): ఒకవైపు బొగ్గు గనులు, మరోవైపు థర్మల్ కేంద్రం, నడినెత్తిన 46, 47 డిగ్రీల ఎండ. మే నెల వచ్చిందంటే ఇక్కడ తారురోడ్డు మీద చెయ్యి పెట్టలేం. సరిగ్గా అప్పుడే పెళ్లిళ్లు, పేరంటాలంటూ ఇక్కడి తెలుగువారు బల్లార్ష, రాజురా మీదుగా ఆసిఫాబాద్, మంచిర్యాలకు కార్లలో బయలుదేరుతారు. కారులో ఏడెనిమిది మంది, డిక్కీ నిండా సామాను. టైర్ల సంగతి ఎవరికీ పట్టదు.

పట్టినవాళ్లు చేసే పని ఇంకా ప్రమాదకరం. ఎండకు గాలి ఉబ్బి టైరు పేలుతుందని, పంక్చర్ షాపులో చెప్పి మరీ నాలుగు పాయింట్లు తీయిస్తారు. జరిగేది తలకిందులు. గాలి తగ్గిన టైరు చక్రం తిరిగిన ప్రతిసారీ పక్కభాగంలో నలిగి లేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతుంటే వేడెక్కి పుటుక్కున తెగినట్టే ఇదీ. లోపలి పొరలు విడిపోయి, వేగంలో ఉండగా ఢామ్మంటుంది.

వేడికి గాలి పెరిగే మాట నిజమే. అయిదారు డిగ్రీలకు సుమారు ఒక పాయింటు పెరుగుతుంది. పొద్దున 33 ఉన్న టైరు మిట్టమధ్యాహ్నం రోడ్డెక్కాక 37, 38 చూపించొచ్చు. టైరు తయారీలోనే ఈ పెరుగుదలకు లెక్క ఉంటుంది. ఎక్కువుందని అప్పుడు అయిదు తీసేస్తే, మర్నాడు పొద్దున మిగిలేది 28!

టైరు పేలితే 'దేవుడి లీల' అనేయడం మనకు అలవాటు. కోర్టు ఒప్పుకోలేదు. 2010 అక్టోబరులో పుణె నుంచి ముంబయి వెళ్తున్న ఓ కారు వెనక టైరు పేలి గోతిలో పడింది. 38 ఏళ్ల వ్యక్తి చనిపోయారు. అది దైవ ఘటన, పరిహారం కట్టబోమని బీమా కంపెనీ వాదించింది. 2023లో బాంబే హైకోర్టు ఆ వాదన కొట్టేసింది. అతివేగం, గాలి తక్కువో ఎక్కువో కావడం, పాత టైర్లు.. ఇవన్నీ మనుషుల నిర్లక్ష్యమేనంది. రూ.1.25 కోట్ల పరిహారం ఖాయమైంది.

మరి ఎంత కొట్టించాలి? డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. నిండా జనం ఎక్కితే ఎంతో కూడా చాలా కార్లలో విడిగా రాసి ఉంటుంది. టైరు మీద ముద్రించిన అంకె గరిష్ఠ పరిమితి, దాన్ని చూసి కొట్టించకూడదు. పొద్దున్నే బండి కదలకముందు చూపించుకోవాలి, లేదా ఆపి మూడు గంటలు గడిచాక. బొగ్గు దుమ్ము ఎగిరే ఈ రోడ్లలో వాల్వు మూతలు ఊడిపోతే వెంటనే పెట్టించాలి. దుమ్ము చేరితే గాలి మెల్లగా దిగుతుంది, పైకి కనపడదు. అన్నట్టు, స్టెప్నీలో గాలి చూసి ఎన్నాళ్లయింది?