పటమునందలి గృహము – సంఘమర్యాద

చిత్రమునందలి యిల్లు వట్టి గోడలును పైకప్పును గాదు. అందెవరు కూర్చుండిరి, ఎవరు నిలిచిరి, ఎవరి చేత నే పాత్ర యున్నది యను విషయములు ఆ సంఘమున నెవరి స్థానమేమో తెలుపును. ఈ దృష్టితో 17వ శతాబ్దపు హాలెండు గృహచిత్రములను, తెలంగాణపు నకాశీ పటములను పోల్చి చూచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

హాలెండున ఆ కాలమున వర్తకముచే ధనమార్జించిన గృహస్థులు చిత్రములను కొని తమ యిండ్ల గోడలకు వ్రేలాడదీసికొనిరి. పీటర్ డి హోఖ్ 1663లో రచించిన యొక చిత్రమున ఇద్దరు స్త్రీలు మడిచిన వస్త్రములను పెద్ద బీరువాలో సర్దుచుందురు. ఆ వస్త్రరాశియే యింటి సంపద. ఆ పొందికయే ఇల్లాలి మర్యాద. వెర్మీర్ చిత్రించిన పాలు పోయు పనికత్తె ఎంతటి గాంభీర్యముతో నిలిచినను, ఆ వంటయిల్లు ఆమెది గాదు.

మన పటము త్రోవ వేరు. 2016 వరకు వరంగల్లు జిల్లాలో నుండి, పిమ్మట సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాల దీనికి ముఖ్యస్థానము. నకాశీలు ఖద్దరు గుడ్డపై గంజి, సుద్దమన్ను, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూసి, ఎఱ్ఱని నేలమీద కథను గడులుగా వ్రాయుదురు. 3 అడుగుల వెడల్పు గల పటము 40 అడుగులు మించియు నుండును. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును, గౌడులకు గౌడజెట్టివారు గౌడ పురాణమును, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను పటము చూపి చెప్పుట ఆచారము.

గడులలో దేవతలును రాజులును ఉన్నను, వారి వేషభాషలు పల్లెవే. స్తంభములు, తెరలు గల మండపము కొలువును తెలుపును. వంట చేయు స్త్రీ, పొలము పనివాడు, కల్లు త్రాగువారు ఊరి బ్రతుకును తెలుపుదురు. మేనిచాయ గూడ సంకేతమే: దేవునికి నీలము, దేవికి పసుపు, రాక్షసునికి ముదురు వన్నె, మనుష్యునికి గులాబిచాయ.

ముఖ్యమైన భేద మింకొకటి కలదు. హోఖ్ చిత్రమున బట్టలు గలవారి సంపద కనబడును. ఉతికినవారి శ్రమ కనబడదు. మన మడేలు పురాణమున ఉతుకువాడే కథానాయకుడు. దేవతలకు వస్త్రము నేసి యిచ్చిన భావనాఋషి పద్మశాలీలకు మూలపురుషుడు. ఊరిలో ప్రక్కకు తొలగి నిలువవలసినవాడు పటమున నడుమ నిలిచెను. అంతమాత్రమున పటము కులపు మెట్లను కూలద్రోసినదని మేమనము. ప్రతి కులమును తన మెట్టును ఎత్తుగా చూపుకొన్నది. కథ చెప్పినవారు మాత్రము దాతల నాశ్రయించియే బ్రదికిరి.

చలనచిత్రమును, టెలివిజనును వచ్చిన పిమ్మట కథ చెప్పించువారు తగ్గిరి. నకాశీలు ఇప్పుడు గడులను విడదీసి చిన్న చిత్రములుగా నమ్ముచున్నారు. కేసముద్రమున మా యింటి గోడపై అట్టి గడి యొకటి కలదు: ఒక స్త్రీ తిరుగలి విసరుచుండును. చూచినవారెల్ల బాగున్నదందురు. ఆమె యే కథలోనిది, ఎవరి యిల్లాలు అని యడిగినవారు లేరు. అడిగినను మేము చెప్పజాలము. హాలెండు చిత్రమువలెనే మన పటమును గృహాలంకారమైనది. చేతిపని నిలిచినందులకు సంతోషింపవలసినదే. కాని ఆ గడికి ముందువెనుకల కథ తెలిసిన వృద్ధులుండగనే దానిని వ్రాసికొనుట తెలుగు శాఖల విధి యని మా విన్నపము.