పొట్టలో పోటు పడితే...

హిజ్రీ 23, క్రీ.శ. 644. మదీనాలో ఫజ్ర్ నమాజ్ చేయిస్తున్న హజ్రత్ ఉమర్ (రజి)ను అబూ లూలూ అనే వాడు రెండంచుల బాకుతో పొడిచాడు. ఆయన్ని ఇంటికి చేర్చి నబీజ్, అంటే ఖర్జూరాలు నానవేసిన నీరు, తాగించారు. అది పొట్టమీది గాయం గుండా బయటికి వచ్చేసింది. తర్వాత పాలు పట్టారు. అవీ గాయంలోంచే వచ్చాయి. ఇక బతకరని చుట్టూ ఉన్నవారికి అర్థమైపోయింది. సహీహ్ బుఖారీలో నమోదైన ఈ ఉదంతాన్ని మనం ఎన్నోసార్లు విన్నాం. తాగినది గాయంలోంచి రావడమంటే పేగో, జీర్ణాశయమో తెగిందన్నమాట. ఆ కాలంలో దానికి చికిత్స లేదు.

పొట్టలో దిగిన కత్తి రెండు విధాలుగా ప్రాణం తీస్తుంది. కాలేయమో, పెద్ద రక్తనాళమో తెగితే రక్తం లోలోపలే పారి గంటల్లో మనిషి పోతాడు. పేగు తెగితే అందులోని మలినం పొట్టంతా వ్యాపించి, చీము పట్టి, కొన్ని రోజుల్లో పోతాడు. పైకి కనిపించే గాయం అంగుళమే ఉండవచ్చు. దాన్ని చూసి లోపలి నష్టాన్ని అంచనా వేయలేం.

జహ్రావీ ఏమి రాశాడు?

ఈ విషయంపై వివరంగా రాసిన వారిలో అబుల్ ఖాసిం జహ్రావీ ముఖ్యుడు. స్పెయిన్‌లోని కుర్తుబా దగ్గర మదీనతుజ్జహ్రాలో సుమారు 936లో పుట్టి, సుమారు 1013లో కన్నుమూశాడు. ఆయన ‘కితాబుత్తస్రీఫ్’లో 30 భాగాలున్నాయి. చివరిది పూర్తిగా జర్రాహీ, అంటే శస్త్రచికిత్స గురించే. పనిముట్ల బొమ్మలు కూడా అందులో ఉన్నాయి. 12వ శతాబ్దంలో జెరార్డ్ అనే పండితుడు దాన్ని లాటిన్‌లోకి అనువదించాక, ఐరోపా వైద్యులు కొన్ని వందల ఏళ్లు దాన్ని చదువుకున్నారు.

పేగులు బయటికి వస్తే ఏం చేయాలో జహ్రావీ ఒక అధ్యాయంలో చెప్పాడు. గాయం మరీ చిన్నదైతేనే కష్టం ఎక్కువ అంటాడు. బయటపడ్డ పేగు గాలికి చల్లబడి ఉబ్బుతుంది, వచ్చిన దారిన తిరిగి పోదు. గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డతో కాపడం పెట్టాలి. అప్పటికీ పోకపోతే గాయాన్ని కొంచెం వెడల్పు చేయాలి. గాయం పొత్తికడుపులో ఉంటే కాళ్లవైపు ఎత్తుగా, పైభాగంలో ఉంటే తల, ఛాతీ ఎత్తుగా ఉండేలా రోగిని పడుకోబెట్టాలి. పేగు తన బరువుకే లోపలికి జారుతుంది. పేగు అంచులను పెద్ద తల చీమలతో కరిపించి, వాటి మొండెం తుంచేసే పద్ధతిని కూడా ఆయన ప్రస్తావించాడు. పశువుల పేగునుంచి తీసిన సన్నని దారంతో కుట్టవచ్చని కూడా రాశాడు. చీమల పద్ధతి మన దేశపు సుశ్రుత సంహితలోనూ ఉంది. ఆ గ్రంథం బర్మకీ వజీరు యహ్యా బిన్ ఖాలిద్ కోరికపై అరబీలోకి వెళ్లింది. జ్ఞానానికి ఎల్లలు లేవు.

నేటి పద్ధతి

ఇంత తెలిసినా పొట్ట గాయాలు 20వ శతాబ్దం దాకా వైద్యుల్ని భయపెట్టాయి. 1899-1902 బోయర్ యుద్ధంలో వీటికి ఆపరేషన్ చేయకపోవడమే మేలని బ్రిటిష్ సర్జన్లు అనుకున్నారు. 1904-05 రష్యా-జపాన్ యుద్ధంలో వేరా గెద్రోయిత్స్ అనే రష్యన్ మహిళా సర్జన్ రైలుపెట్టెలోనే ఆపరేషన్లు చేసి, తొలి గంటల్లో చేస్తే బతికించవచ్చని చూపింది. నేడు రక్తపోటు పడిపోయినా, పొట్ట రాయిలా బిగిసినా, పేగులు బయటపడినా వెంటనే పొట్ట తెరుస్తారు. అవేవీ లేకపోతే స్కానింగ్ చేసి, గంటగంటకూ పరీక్షిస్తూ ఆగుతారు. కత్తిపోటు పడిన ప్రతివారికీ ఆపరేషన్ అవసరం లేదు.

ఛాతీ సంగతి వేరు. ఊపిరితిత్తి చుట్టూ గాలి, రక్తం చేరితే అది ముడుచుకుపోతుంది. పక్కటెముకల మధ్య గొట్టం పెట్టి వాటిని తీసేస్తే చాలామంది కోలుకుంటారు. ఆ గొట్టంలోంచి మొదట్లోనే లీటరున్నర రక్తం వచ్చినా, తర్వాత గంటగంటకూ ఆగకుండా కారుతున్నా ఛాతీ తెరవాలి. ఇంకొక సంగతి. ఊపిరి వదిలినప్పుడు ఛాతీకి, పొట్టకు మధ్యనున్న పొర చాలా పైకి లేస్తుంది. కాబట్టి రొమ్ముకు దిగువన తగిలిన పోటు ఛాతీదే అనుకోరాదు, కాలేయం కూడా తెగి ఉండవచ్చు.

మనం చేయవలసింది

కత్తిపోటే కానక్కర్లేదు. ఎద్దు కొమ్ము కుమ్మినా, ఇనుప చువ్వ గుచ్చుకున్నా ఇదే ప్రమాదం. అప్పుడు గుర్తుంచుకోవలసినవి కొన్నే.

గుచ్చుకున్నదాన్ని లాగవద్దు. రక్తాన్ని ఆపుతున్నది అదే కావచ్చు. అది కదలకుండా చుట్టూ గుడ్డలు పేర్చండి.

బయటపడ్డ పేగుల్ని లోపలికి నెట్టవద్దు. జహ్రావీ చెప్పినది జర్రాహ్‌కు, మనకు కాదు. శుభ్రమైన తడిగుడ్డ కప్పితే చాలు.

దాహమని ఎంత అడిగినా నీళ్లు, పాలు, జమ్‌జమ్ ఏదీ తాగించవద్దు. ప్రేమతో పట్టిన గుక్కెడు నీరే తెగిన పేగులోంచి పొట్టలోకి పోతుంది. మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకీ పోవచ్చు.

ఛాతీ గాయాన్ని గాలి చొరకుండా బిగించి మూసేయవద్దు. పసుపు, కాఫీపొడి అద్దవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

పోలీసు కేసవుతుందని చాలామంది వెనకాడతారు, గాయపడినవాణ్ని ఆటోలో తిప్పుతూ విలువైన గంట పోగొడతారు. గాయపడినవారికి ముందు వైద్యం, తర్వాతే పోలీసు కాగితాలని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇది ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులందరికీ వర్తిస్తుంది. ఆస్పత్రి గుమ్మంలో ఎవరైనా కాదంటే ఈ మాట ధైర్యంగా చెప్పండి.

ఒక ప్రాణాన్ని కాపాడినవాడు మానవాళినంతటినీ కాపాడినవాడితో సమానమని మన ధర్మం బోధిస్తోంది. ఆ పుణ్యానికి సర్జనే కానక్కర్లేదు. కత్తిని లాగబోయే చేతిని ఆపినవాడు, నీళ్ల గ్లాసును పక్కన పెట్టించినవాడు, సమయానికి ఫోన్ చేసినవాడు కూడా అందులో భాగస్వాములే.