చదువరి నుండి చదువరికి

పుస్తకం వ్రాసేవారు ఒకరు, అచ్చువేసేవారు మరొకరు. ఈ ఇద్దరి పని ముగిసిన తరువాత కూడా పుస్తకం గమ్యం చేరదు. "ఇది నేను చదివాను, మీరూ చదవండి" అని చెప్పే మూడవ వ్యక్తి ఒకరు కావాలి. సాహిత్య చరిత్రలు కవులను, కృతిపతులను పేరుపేరునా స్మరిస్తాయి. ఈ మూడవ వ్యక్తిని మాత్రం తరచుగా మరచిపోతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మెట్టనేలలో 20వ శతాబ్ది పూర్వార్ధంలో తెలుగు చదువు నిలిచి, పెరిగిన తీరును పరిశీలిస్తే ఆ మరచిన వ్యక్తి ఎంత పని చేశాడో తెలుస్తుంది.

చదివినదానిని పదిమందితో పంచుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పాలమూరు సీమలోని గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు పండితులకు ఆశ్రయమిచ్చాయి. గద్వాలకు 'విద్వద్గద్వాల' అన్న ప్రసిద్ధి ఊరకే రాలేదు. దూరప్రాంతాల నుండి కవులు తమ కృతులతో అక్కడికి వచ్చేవారు, సభలో వినిపించేవారు, ఆక్షేపణలకు సమాధానాలు చెప్పి సత్కారాలు పొందేవారు. తిరుపతి వేంకట కవుల అవధానాలను కూడా ఈ సంస్థానాలు చూశాయి. అయితే ఆ సభలో మాట్లాడేవారూ పండితులే, వినేవారూ పండితులే. కోట గోడకు ఆవల ఉన్న రైతుకు, నేతగానికి, స్త్రీలకు ఆ గ్రంథాలు అందే మార్గం లేదు.

వారికి అందినది వేరొక రూపంలో అందింది. గుడి మంటపంలోనో, రచ్చబండ దగ్గరనో రాత్రిపూట ఒకరు భాగవతమో భారతమో చదివి అర్థం చెబుతుంటే ఊరు ఊరంతా కూర్చుండి వినేది. పురాణ కాలక్షేపం అని దీనిని తేలికగా అనుకోరాదు. నేడు ఎక్కడ ఆపారో రేపు అక్కడ మొదలవుతుంది. మధ్యలో పగలంతా పొలంలో, బావి దగ్గర నిన్నటి ఘట్టం గురించిన చర్చ సాగుతుంది. ఊరి వారందరూ ఒకే కాలంలో ఒకే పుస్తకాన్ని 'చదువుతూ' ఉండడం ఇది. అక్షరం రాకపోవడం ఆ చదువుకు అడ్డు కాలేదు.

కొత్త పుస్తకాల మాట వచ్చేసరికి పరిస్థితి మారిపోయింది. నిజాం రాజ్యంలో పాలనకు, ఉన్నత విద్యకు ఉర్దూ మాధ్యమం. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే బోధించింది. 1931 జనాభా లెక్కల నాటికి రాజ్యంలో అక్షరాస్యులు నూటికి పదిమందికి లోపే. ఆ కొద్దిమందిలోనూ తెలుగు చదవగలవారు ఇంకా తక్కువ. సభ జరపాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి పొందవలసి ఉండేది. నలుగురు ఒకచోట చేరి పత్రిక చదువుకోవడాన్ని కూడా అధికారులు అనుమానదృష్టితో చూసిన కాలమది. అటువంటి కాలంలో ఒక పుస్తకం పేరు మరొకరికి చెప్పడం కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాదు.

ఈ చీకటిలో మొదటి దీపం హైదరాబాదులో వెలిగినా, దానికి చమురు పోసిన చేతులలో నల్లగొండ సీమవారివి ఉన్నాయి. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ప్రారంభమైనది నల్లగొండ జిల్లా దండంపల్లికి చెందిన రావిచెట్టు రంగారావు గారి నివాసంలోనే. కొమర్రాజు లక్ష్మణరావు, నాడు కృష్ణాజిల్లాలో ఉండి 1959లో నల్లగొండ జిల్లాలో చేరిన మునగాల సంస్థానాధీశులు నాయని వేంకట రంగారావు ఆయనకు తోడుగా నిలిచారు. 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి చరిత్ర, విజ్ఞానశాస్త్రం, నవల మొదలైనవాటిని సరళమైన తెలుగులో అందించింది. తరువాత నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయం వెలసింది. 1922లో షబ్నవీసు వేంకటరామనరసింహారావు గారు నల్లగొండ నుండే 'నీలగిరి' పత్రికను నడిపారు. గ్రంథాలయంలో పుస్తకం ఉన్నంత మాత్రాన సరిపోదనీ, ఉన్నదన్న వార్త ఊళ్లకు చేరాలనీ ఆ తరం గ్రహించింది.

ఇక్కడ నేల స్వభావాన్ని కూడా గమనించాలి. కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారు 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామాల నడుమ కాలువపై పడవ గ్రంథాలయాన్ని నడిపారు. పడవ ఆగినచోటికి పాఠకులు వచ్చి పుస్తకాలు తీసుకొనేవారు. చెరువులను, బావులను నమ్ముకొన్న నల్లగొండ, పాలమూరు మెట్టసీమకు ఆ భాగ్యం లేదు. ఊరికీ ఊరికీ మధ్య రాళ్లగుట్టలు, బండ్లబాటలు. పుస్తకం ఇక్కడ మనిషి మీదనే ప్రయాణం చేయవలసి వచ్చింది. ఆ మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి.

1915లో నల్లగొండ జిల్లా చెరువుమాదారం గ్రామంలో పుట్టిన ఆళ్వారుస్వామి చిన్ననాటనే తండ్రిని కోల్పోయాడు. పాఠశాల చదువు సక్రమంగా సాగలేదు. ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేసిపెడుతూ, అందుకు ప్రతిఫలంగా అక్షరాలు నేర్చుకొన్నాడు. విజయవాడలో హోటల్ పనివాడుగా బ్రతికాడు. ఆపై హైదరాబాదు చేరి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. ప్రూఫులు దిద్దేవారు ప్రతి అక్షరాన్నీ చదవక తప్పదు. ఆయనకు అది జీతం ఇచ్చి చదివించిన పాఠశాల అయింది.

1938లో ఆయన దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించాడు. ఆ ఏడే కీర్తిశేషులైన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి స్మృతికి చిహ్నంగా ఆ పేరు పెట్టాడు. ముప్పైకి పైగా పుస్తకాలను ఈ గ్రంథమాల వెలువరించింది. ధనికుడు గ్రంథమాల నడపడంలో వింత లేదు. చేతిలో పైకం లేనివాడు నడపడం వింత. అంతకన్న విశేషమైనది అమ్మకం. పుస్తకాల మూటను మోసుకొని ఆయన కాలినడకన ఊరూరా తిరిగాడు. ప్రకాశకుడు, విక్రేత, పరిచయకర్త ముగ్గురూ ఒక్క మనిషిలోనే ఉన్నారన్నమాట.

ఈ పద్ధతిలో ఉన్న బలం ఆలోచిస్తే కాని తెలియదు. దుకాణంలో పుస్తకాలు బారులుతీరి ఉంటాయి. కొనేవారు వచ్చి ఎంచుకొంటారు. మోసుకొని వెళ్లే మూటలో పట్టేవి కొన్నే. ఏది ఊరికి తీసుకొనిపోవాలో, ఏది వద్దో ముందే నిర్ణయించుకోవాలి. వాకిట నిలబడినవానికి ఆ పుస్తకం ఎందుకు కావాలో రెండు మాటలలో చెప్పాలి. తాను చదవని పుస్తకం గురించి అలా చెప్పడం సాధ్యం కాదు. పైగా వచ్చే ఏడాది మళ్లీ అదే వాకిటికి పోవాలి. చెప్పిన మాట అబద్ధమైతే ఆ తలుపు మరల తెరుచుకోదు. పత్రికలో పుస్తకాన్ని పొగిడి ఊరుకొనే విమర్శకునికి లేని బాధ్యత ఇది.

ఆయన పంచుకోవడం జైలు గోడల మధ్య కూడా ఆగలేదు. నిజాం పాలనను ఎదిరించినందుకు బందీలైన ఆళ్వారుస్వామి, దాశరథి కృష్ణమాచార్య నిజామాబాదు జైలులో కొంతకాలం కలిసి ఉన్నారు. కాగితం కలం లేనిచోట దాశరథి బొగ్గుతో గోడ మీద పద్యాలు వ్రాశాడు. ఆ గోడ ముందు నిలిచి చదివిన తోటి ఖైదీలే ఆ పద్యాలకు తొలి పాఠకులు. దాశరథి తన 'అగ్నిధార'ను ఆళ్వారుస్వామికి అంకితమిచ్చాడు. ప్రాచీన కవి కృతిని రాజుకో మంత్రికో ఇస్తాడు; ఈ కవి పుస్తకాలు మోసిన మిత్రునికి ఇచ్చాడు. కృతిభర్తల చరిత్రలో ఇదొక పెద్ద మలుపు అని చెప్పడం అతిశయోక్తి కాదు. ఆళ్వారుస్వామి తరువాతి కాలంలో 'ప్రజల మనిషి', 'గంగు' నవలలను, 'జైలు లోపల' కథలను వ్రాసి 1961లో మరణించాడు. రచయితగా ఆయనకు పేరు వచ్చింది. పుస్తకాలు మోసినవాడుగా రావలసినంత పేరు రాలేదు.

ఆ కాలంలోనే కె.సి. గుప్త గారి అణా గ్రంథమాల ఒక్కొక్క పుస్తకాన్ని ఒక్క అణాకు అందించింది. రూపాయికి 16 అణాలు. ఒక రూపాయితో పదహారు పుస్తకాలు వచ్చాయంటే, ఒకటి చదివి మరొకరికి ఇచ్చి, ఇంకొకటి తెచ్చుకోవడం పేద విద్యార్థికి కూడా అందుబాటులోకి వచ్చిందని అర్థం.

పుస్తకాన్ని చేతికి అందించడం ఒక పద్ధతి. దానిని ఎట్లా చదవాలో చూపడం మరొక పద్ధతి. రెండవదానికి పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారిని మించిన ఉదాహరణ లేదు. 1896లో జన్మించిన ఆయన 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించారు. రెడ్డి హాస్టల్ బాధ్యతలు వహిస్తూ అక్కడి గ్రంథాలయాన్ని పెంచి, చదువుకొనవచ్చిన పల్లెటూరి యువకులకు తెలుగు పుస్తకాలను దగ్గర చేశారు. తెలంగాణలో తెలుగు కవులు లేరని ఒక పండితుడు ఆక్షేపించగా, ఆయన వాదానికి దిగలేదు. పత్రిక ద్వారా ఊరూరి నుండి పద్యాలను సేకరించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించారు. 'వీరిని మీరు చదవలేదు, ఇదిగో చదవండి' అన్నదే దాని సారాంశం. ఆక్షేపణకు అంతకన్న మర్యాదైన జవాబు ఉండదు.

1949లో వెలువడిన ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఇంకా లోతైనది. అది రాజుల యుద్ధాల కథ కాదు. ప్రజలు ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలు ఆడారు అన్న చరిత్ర. అందుకు ఆధారాలు ఎక్కువగా కావ్యాలలోనే దొరికాయి. అలంకారశాస్త్రం చదివిన పండితులు 'క్రీడాభిరామం'లో వీథి నాటక లక్షణాలను వెదికారు. ప్రతాపరెడ్డి గారు అందులో ఓరుగల్లు వీథులలోని పూటకూళ్ల ఇంటిని, పల్నాటి వీరుల కథ పాడే గాయకురాలిని చూశారు. శృంగారం మితిమీరిందని పెద్దలు పక్కన పెట్టిన 'హంసవింశతి'లో ఆయనకు నానా వృత్తులవారి పనిముట్లు, పిల్లల ఆటలు, వంటకాలు రాసులుగా కనిపించాయి. పుస్తకాలు పాతవే, చూపు కొత్తది. ఆ గ్రంథాన్ని చదివినవారు ముగించిన వెంటనే 'హంసవింశతి' కోసం వెదుకుతారు. ఒక చదువరి మరొక చదువరికి చేయగల ఉపకారం ఇదే. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన తొలి పురస్కారం ఈ గ్రంథానికి లభించింది. అప్పటికి రెండేళ్ల క్రితమే, 1953లో, ఆయన కీర్తిశేషులయ్యారు.

పుస్తకాన్ని పొగడడానికీ, పరిచయం చేయడానికీ గల భేదం ఇక్కడ తేటపడుతుంది. 'చాలా గొప్ప పుస్తకం' అన్న మాటలో చెప్పినవారి ఆనందం ఉంది కాని, విన్నవారికి పనికివచ్చే సమాచారం లేదు. ఆ పుస్తకంలో ఏమున్నది, ఎవరికి నచ్చుతుంది, ఎక్కడ కష్టంగా ఉంటుంది అన్నవి తెలిస్తేనే వినేవారు నిర్ణయించుకోగలరు. గ్రంథాలయ శాస్త్రానికి పునాదులు వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో, ప్రతి చదువరికీ తగిన పుస్తకం ఉన్నట్లే ప్రతి పుస్తకానికీ తగిన చదువరి ఉంటాడన్న భావం ఉంది. అందరికీ ఒకే పుస్తకాన్ని సూచించేవారు ఈ రెండవ సగాన్ని మరచినవారే. ఇక చదివి ముగించిన పుస్తకం గురించి చెప్పడం, ఇంకా చదువుతున్న పుస్తకం గురించి చెప్పడం ఒకటి కావు. మొదటిది తీర్పు. రెండవది సంభాషణ, అందులో సందేహాలు ఉంటాయి, ముందు ఏమవుతుందో అన్న ఊహ ఉంటుంది, ఎదుటివారు అందుకొని మాట్లాడడానికి చోటు ఉంటుంది. రచ్చబండ దగ్గర జరిగినది ఈ రెండవదే. తరగతి గదిలో మాత్రం మొదటిదానికే మార్కులు.

నేడు ఈ ప్రాంతంలో చదువుకు అనుమతి అడగవలసిన పని లేదు. పుస్తకం పేరు క్షణంలో ఫోనులోకి వస్తుంది. అయినా మనిషి మనిషికి పుస్తకం అందించే పద్ధతి పోలేదు. పూర్వపు నల్లగొండ జిల్లాలో ఉండి, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన వెల్లంకి గ్రామంలో, తెలుగు అధ్యాపకులుగా పదవీ విరమణ చేసిన కూరెళ్ల విఠలాచార్య గారు 2014లో తమ ఇంటినే గ్రంథాలయంగా మార్చారు. తమ సొంత పుస్తకాలతో ఆరంభించగా, చదువరులు, రచయితలు తెచ్చి ఇచ్చినవాటితో వాటి సంఖ్య లక్షకు మించింది. 2024లో ఆయనను పద్మశ్రీ వరించింది. పోటీ పరీక్షలకు చదువుకొనేవారు, పరిశోధన విద్యార్థులు, చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ఆ ఇంటి గడప తొక్కుతున్నారు. అక్కడి పుస్తకాలలో చాలావాటికి ముందొక యజమాని ఉన్నాడు. చదివి, తన దగ్గర ఉంచుకోకుండా, వెల్లంకికి చేర్చాడు.